పాతబస్తీలో ఫ్రాన్స్ రాజవంశం: ఒక గుమాస్తా విచారణ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట వెనుకాడాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. 1971లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 2008లో అదే శాఖలో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే ఆ ముప్పై ఏడేళ్లలో సగానికి పైగా వారసత్వ విచారణ ఫైళ్లతోనే గడిచింది. ఫలానా ఆయన పోయాడు. భార్య ఎవరు? పిల్లలు ఎందరు? వారిలో బతికున్నది ఎవరు? రుజువు ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలే నాకు అన్నం పెట్టాయి. వాటిని ఒక రాజవంశం మీద ప్రయోగించవలసిన అవసరం నా డెబ్భై రెండో ఏట వచ్చింది. ఆ సంగతే మనవి చేస్తాను.

నేను పుట్టి పెరిగింది లాల్‌దర్వాజాలో. నా మిత్రుడిది శాలిబండ. ఆఫీసులో ఇరవై ఏళ్లు నా పక్క కుర్చీ అతనిదే. పేరు రాయవద్దన్నాడు కనుక రాయను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే వేళకు అతని నోట ఒక మాట తప్పక వచ్చేది. "రావు సాబ్, మా ఖూన్‌లో ఫ్రాన్స్ బాద్షా ఉన్నాడు. తెలుసా?" అనేవాడు. వాళ్ల నానీకి పిల్లికళ్లట, ఎండకు కందిపోయే ఎర్రటి ఒళ్లట. సెక్షన్‌లో అందరం అతన్ని 'ఫ్రాన్స్ నవాబు' అనేవాళ్లం. జీతం రోజున అప్పు అడగడానికి వచ్చినప్పుడు "ఏం నవాబ్ సాబ్, ఫ్రాన్స్ నుంచి మనియార్డరు రాలేదా?" అని ఏడిపించేవాళ్లం. అతనూ నవ్వేవాడు.

2022లో అతనికి గుండె ఆపరేషన్ అయింది. చూడబోయాను. మంచం కింద నుంచి ఒక రేకు పెట్టె తీయించి నా ముందు పెట్టాడు. "ఇన్నాళ్లూ నవ్వారు. ఇప్పుడు చూడు. కెనడాలో ఉన్న మనవరాలు ఖాందాన్ కాగితాలు పంపమంటోంది. నువ్వు వేలమందికి వారసత్వం తేల్చినవాడివి. ఇది విచారించి, నిజమే అని ఒక కాగితం రాసి సంతకం పెట్టు. అది చాలు నాకు" అన్నాడు.

పదవీ విరమణ చేసిన గుమాస్తా సంతకానికి విలువ ఏముంది? బయట ఏమీ లేదు. అతనికి మాత్రం ఉంది. అందుకే తేలికగా పెట్టలేకపోయాను.

పెట్టెలో ఉన్నవి

పెట్టెలో మూడు వస్తువులు ఉన్నాయి. అరిగిపోయి ఏ గుర్తూ కనిపించని ఒక ఇత్తడి బొత్తాం. అక్షరాలు చాలావరకు చెరిగిపోయిన ఒక ఉర్దూ ఉత్తరం. మడతల దగ్గర చిరిగిన ఒక షజరా. షజరా అంటే వంశవృక్షం. మా నాన్నగారి చదువు ఉర్దూ మీడియంలో సాగింది కనుక ఆ లిపి నాకూ కొంత పట్టుబడింది. షజరా పైభాగాన 'మూసా రహీం ఫిరంగీ, ఫ్రాన్స్ రాజవంశీకులు' అనే అర్థం వచ్చే రాత ఉంది. అక్కడి నుంచి ఏడు తరాలు కిందికి దిగి, చివర నా మిత్రుడి తాతగారి అన్నదమ్ముల దగ్గర ఆగింది.

గుమాస్తా కన్ను ముందు పేర్ల మీద పడదు, సిరా మీద పడుతుంది. ఏడు తరాలూ ఒకే చేతిరాత, ఒకే సిరా. పైగా అది బాల్‌పెన్ను. రెండువందల ఏళ్ల వంశవృక్షాన్ని ఎవరో ఒక సాయంత్రం కూర్చుని రాసేశారన్నమాట. పాత కాగితం చూసి తిరగరాసి ఉండవచ్చు కదా అంటే ఉండవచ్చు. కానీ ఆ పాత కాగితం ఏది? నకలుకు అసలు చూపించమని అడగడం మన వృత్తి ధర్మం.

ఇంకొకటి గమనించాను. ఆ ఏడు తరాల్లోనూ ఉన్నవన్నీ మగవాళ్ల పేర్లే. ప్రతి పేరు పక్కనా 'జౌజా' అని ఉంది, అంటే భార్య. ఆమె పేరు ఉండవలసిన చోట ఒక గీత మాత్రమే ఉంది. ఈ సంగతి అప్పుడు అంత పట్టించుకోలేదు. తర్వాత ఇదే అసలు సంగతి అయింది.

మూసారాం ఎవరు?

మూసారాంబాగ్ మన అందరికీ తెలిసిన పేటే. 2018 నుంచి ఆ పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది. ఆ పేరు వెనుక ఉన్నది మిషెల్ జోకిమ్ మారీ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని. 'మోస్యూ రేమండ్' అన్నది మన నాలుకల మీద హిందువులకు మూసారాం అయింది, ముస్లింలకు మూసా రహీం అయింది. రెండో నిజాం అలీఖాన్ కొలువులో పటాలాలు తయారుచేసి, పదివేలకు పైబడిన సైన్యానికి అధిపతి అయ్యాడు. 1795 ఖర్దా యుద్ధంలో మరాఠాల మీద నిజాం తరఫున పోరాడాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోయించినవాడు కూడా అతనే. 1798 మార్చి 25న చనిపోయాడు. అస్మాన్‌గఢ్ గుట్ట మీద నల్లరాతి స్తంభం అతని సమాధి. దాని దగ్గరి స్తంభాల మండపం 2001లో కూలిపోతే తిరిగి కట్టారు. పూర్వం హిందూ ముస్లింలు ఇద్దరూ అక్కడికి వెళ్లి దీపం, అగరువత్తి వెలిగించేవారు.

మరి అతను రాజవంశీకుడా? కాదు. 1755లో దక్షిణ ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. 1775లో పుదుచ్చేరికి వచ్చింది కూడా వ్యాపారం చేసుకోవడానికే. తర్వాత కత్తి పట్టాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. 1793 జనవరి 21న పారిస్‌లో పదహారో లూయీ రాజు తల తీసేశారు. ఆ తర్వాత మన రేమండ్ పటాలాలు ఎత్తిన జెండా రాజు జెండా కాదు, రాజును దించిన విప్లవం వారి మూడు రంగుల జెండా. ఇంగ్లీషువాళ్లకు ఈ పటాలాలంటే అంత భయం కలగడానికి ఒక కారణం అదే. రేమండ్ పోయిన కొద్ది నెలలకే, 1798 సెప్టెంబరు 1న, నిజాం చేత సంధి రాయించుకున్నారు. అక్టోబరు 22న ఆ సైన్యం ఆయుధాలు దించింది. అప్పటికే సిపాయిలు బకాయి జీతాల కోసం తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. బకాయిల కోసం ఆందోళన చేయడంలో మనమే మొదటివాళ్లం కాదని సోదరులు గ్రహించగలరు.

కాబట్టి మా వాడి పూర్వీకుడు ఆ పటాలాల్లో ఒక గోలందాజో, ఒక దొరగారో అయి ఉండటం అసంభవం కాదు. అంతమంది సైనికులు ఇక్కడ ఉన్నారు, కాపురాలు చేశారు. అయితే 'పటాలంలో ఉన్నాడు' అనడానికీ 'ఫ్రాన్స్ రాజు వంశం' అనడానికీ మధ్య ఉన్న దూరం శాలిబండకూ పారిస్‌కూ మధ్య ఉన్నంత.

భోపాల్ బూర్బన్లు

ఈ మాట చెబితే మా వాడు చిన్నబుచ్చుకుని, "మరి భోపాల్ వాళ్ల సంగతేమిటి? వాళ్లను ప్రపంచమంతా ఒప్పుకుంది కదా" అన్నాడు. ప్రశ్న సబబైనదే. భోపాల్‌లో బూర్బన్ అనే ఇంటిపేరుతో ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. ఫ్రాన్స్‌ను 1589 నుంచి ఏలిన బూర్బన్ రాజుల కన్నా తామే పెద్ద శాఖ అని వారి ఇంటి కథ. జాన్ ఫిలిప్ అనే యువకుడు స్వదేశంలో చిక్కుల్లో పడి, సముద్రపు దొంగలకు చిక్కి, తప్పించుకుని, 1560 ప్రాంతంలో అక్బరు కొలువుకు చేరాడట. 1527 మే 6న రోము నగరాన్ని ముట్టడిస్తూ చనిపోయిన మూడో చార్లెస్ బూర్బన్ ప్రభువు అతనికి తండ్రి అట.

ఈ వంశంలో చివరి సగం గట్టిది. పంతొమ్మిదో శతాబ్దంలో వారు భోపాల్ బేగముల సంస్థానంలో మంత్రులుగా పనిచేశారు. షహజాద్ మసీహ్ అని పిలిపించుకున్న బాల్తజార్ బూర్బన్ పేరు సంస్థాన చరిత్రలోనే ఉంది. రూసెలే అనే ఫ్రెంచి యాత్రికుడు భోపాల్ వచ్చి ఆ కుటుంబాన్ని కళ్లారా చూసి రాశాడు. 2007లో గ్రీసు రాజకుటుంబానికి చెందిన ప్రిన్స్ మైకేల్ వీరి మీద పుస్తకం రాశాడు. ఆయన తల్లి ఫ్రాన్స్ రాజవంశపు ఆడపడుచు. అందుకే పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. అప్పుడే మా వాడి ఇంట్లో కూడా ఫ్రాన్స్ మాట మళ్లీ వేడెక్కి ఉంటుంది.

కానీ మొదటి లింకు చూడండి. తండ్రి 1527లో పోయాడు. కొడుకు 1560లో అక్బరు దగ్గరకు వచ్చాడు. అంటే అప్పటికి అతనికి ముప్పై మూడేళ్లు తక్కువ ఉండకూడదు. అసంభవమేమీ కాదు. అయితే ఆ ప్రభువుకు అలాంటి కొడుకు ఉన్నాడని, సక్రమ వివాహంలో పుట్టాడని అక్కడి పత్రం ఏదీ చెప్పడం లేదు. ఇక్కడ కూడా తెగిపోయింది తల్లి దగ్గరే. ఆమె ఎవరో తెలిస్తే మిగతా నాలుగున్నర శతాబ్దాలు నిలబడతాయి. తెలియకపోతే భోపాల్ మంత్రుల గౌరవనీయమైన వంశంగా మిగులుతుంది. అదేమీ తక్కువ కాదు. కానీ అది వేరే దరఖాస్తు.

అన్ని కాగితాలూ ఉన్న ఫైలు

పూర్తి రుజువులతో ఉన్న ఫైలు ఎలా ఉంటుందో మా వాడికి చూపించడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. పురానీ హవేలీకి పోతే చాలు. అక్కడి దుర్రు షెహ్వార్ ఆసుపత్రిలో మన ఇళ్ల పిల్లలు ఎందరో వైద్యం చేయించుకున్నవారే.

దుర్రు షెహ్వార్ 1914లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. తండ్రి అబ్దుల్ మజీద్ ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా. ఒట్టోమన్లను యూరపు రాజులనాలా, ఆసియా రాజులనాలా అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. యూరపు గడ్డ మీద ఉన్న రాజభవనాల నుంచి యూరపు దేశాలను శతాబ్దాల తరబడి ఏలినవారు మాత్రం నిజం. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి కుటుంబాన్ని దేశం దాటించింది. వారు ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో తలదాచుకున్నారు. అక్కడే 1931 నవంబరు 12న ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాతో దుర్రు షెహ్వార్ వివాహం జరిగింది. రెండో కొడుకు మొఅజ్జం జాతో అదే వంశపు నీలోఫర్ వివాహం కూడా ఆ రోజే అయింది. నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరిటే ఉంది.

దుర్రు షెహ్వార్ పెద్దకొడుకు ముకర్రం జా 1933లో నీస్‌లో పుట్టి, 1967లో తాతగారి వారసుడయ్యారు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే భౌతికకాయాన్ని ఇక్కడికి తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ రోజు చార్మినార్ వీధుల్లో నేనూ ఉన్నాను. తల్లి వైపు నుంచి ఒక రాజవంశం, తండ్రి వైపు నుంచి ఒక రాజవంశం. తల్లి పేరు, ఆమె తండ్రి పేరు, పెళ్లి తేదీ, ఊరు, అన్నీ రికార్డులో ఉన్నాయి. ఏ గుమాస్తా కూడా అభ్యంతరం రాయలేడు.

ఇంత పక్కా షజరా ఉన్నా తగువులు తప్పలేదు సుమా. 1948 సెప్టెంబరులో లండన్ బ్యాంకుకు బదిలీ అయిన పది లక్షల పౌన్ల చిల్లర నిజాం సొమ్ము సంగతి అక్కడి కోర్టు 2019 అక్టోబరు 2న తేల్చింది. అప్పటికి వడ్డీతో మూడున్నర కోట్ల పౌన్లయింది. భారత ప్రభుత్వానికీ, ఇద్దరు మనవలకూ చెందుతుందని తీర్పు. అప్పుడు మిగతా వారసులు వందమందికి పైగా మేమూ ఉన్నామన్నారు. వారసుల జాబితా అంటేనే అంత. మన కరువు భత్యం బకాయిలు ఇంకా నయం.

ఒకే మనిషి, రెండు పేర్లు

ఇక పాతబస్తీలోనే ఇంకో రెండు ఇళ్ల సంగతి. రాజవంశం అన్న మాట అతికించడం ఎంత తేలికో, పేరు పోగొట్టుకోవడం ఎంత తేలికో ఇవి చెబుతాయి.

మొదటిది పామర్ ఇల్లు. పామర్ అండ్ కంపెనీ పెట్టి నిజాం ప్రభుత్వానికే అప్పులిచ్చి, 1824లో దివాలా తీసిన విలియం పామర్ 1867 వరకు హైదరాబాదులో బతికాడు. తండ్రి ఇంగ్లీషు సేనాని. తల్లి ఫైజ్ బక్ష్. ఆమె ఢిల్లీ మొగలు రాజకుమారి అని ఇంటివాళ్లు చెప్పుకున్నారు. లండన్ లైబ్రరీలో ఉన్న ఆ కుటుంబ చిత్రానికి కూడా చాలాకాలం ఆ మాటతోనే పేరు సాగింది. పత్రాలు చూసినవారు తేల్చిందేమంటే ఆమె పర్షియా నుంచి వచ్చిన ఒక అశ్వికదళ అధికారి కూతురు, లక్నోలో పెరిగింది. మొగలు పాదుషా ఆమెకు 'బేగం' బిరుదు ఇచ్చిన మాట వాస్తవం. బిరుదు కాస్తా రెండు తరాల్లో పుట్టుకగా మారింది. ఇలాంటి మార్పులు సర్వీసు రిజిస్టర్లలో మనం చూడనివా?

రెండోది ఖైరున్నీసా కథ. కోఠీ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ భార్య ఆమె, పాతబస్తీలోని గొప్ప సయ్యదుల ఇంటి పిల్ల. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఇక్కడ వారి పేర్లు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో పిల్లలిద్దర్నీ చదువుల కోసం ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అదే అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806 మార్చిలో లండన్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. 1813లో, ఇంకా ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయింది. సాహెబ్ బేగం కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగి పెళ్లి చేసుకుంది. దాదాపు నలభై ఏళ్ల వయసులో, 1841లో, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లీషులో రాసేది, అమ్మమ్మ ఫార్సీలో రాయించేది, మధ్యలో తర్జుమా చేసేవాళ్లు. 1847లో అమ్మమ్మ పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ మళ్లీ ఒకర్నొకరు చూసుకోనే లేదు.

నేను ఈ కథ చదివినప్పుడు నాకు కలిగిన ఆలోచన మీకు నవ్వు తెప్పించవచ్చు. కేథరిన్ అరోరా తన తల్లి ఆస్తి కోసం నా బల్ల దగ్గరకు వచ్చి ఉంటే నేనేం చేసేవాణ్ణి? 'రికార్డులో సాహెబ్ బేగం అని ఉన్నది, దరఖాస్తుదారు పేరు వేరుగా ఉన్నది, ఇద్దరూ ఒకరే అనుటకు రుజువు దాఖలు చేయవలెను' అని రాసి తిప్పి పంపేవాణ్ణి.

ఈ మాట ఊహించి రాయడం లేదు. నేను అలా చేశాను.

నా అభ్యంతరం

1987లో ఒక ఆఫీసులో ఉండగా ఒక ముసలావిడ వచ్చింది. భర్త నాలుగో తరగతి ఉద్యోగి, చనిపోయాడు. కుటుంబ పెన్షను కోసం కాగితాలు కావాలి. భర్త సర్వీసు పుస్తకంలో ఆమె పేరు చివర 'బీ' అని ఉంది, రేషన్ కార్డులో 'బేగం' అని ఉంది. నేను అభ్యంతరం రాశాను. అఫిడవిట్ తెచ్చింది. వయసులో మూడేళ్ల తేడా ఉందని మళ్లీ రాశాను. ప్రతి అభ్యంతరమూ నిబంధనల ప్రకారమే. ఏడుసార్లు తిరిగింది. మూడోసారో నాలుగోసారో, పక్క కుర్చీలోంచి మా ఫ్రాన్స్ నవాబు మెల్లగా, "రావు సాబ్, మనిషి ఒక్కతే. పేర్లే రెండు" అన్నాడు. "నువ్వు సంతకం పెడతావా?" అని కసిరాను.

ఎనిమిదోసారి ఆమె రాలేదు, కొడుకు వచ్చాడు. ఆమె చనిపోయింది. ఆమెకు రావలసిన బకాయి కొడుకుకు ఇవ్వడానికి వారసత్వ విచారణ చేయాలి. ఆ ఫైలు కూడా నా బల్ల మీదికే వచ్చింది. మృతురాలి పేరు అన్నచోట నేనే నా చేతితో రెండు పేర్లూ రాసి, మధ్యలో 'ఉరఫ్' అని పెట్టాను. ఆ ఒక్క మాట ముందే పెట్టి ఉంటే సరిపోయేది. ఆ రోజు పక్క కుర్చీలోంచి ఏ మాటా రాలేదు.

ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ పక్క కుర్చీ మనిషే రేకు పెట్టె ముందు పెట్టుకుని కూర్చుని నా సంతకం అడుగుతున్నాడు. అతను ఆ సంగతి ఎత్తలేదు. నేనే మరవలేదు.

కిందినుంచి పైకి

ఫ్రాన్స్ నుంచి కిందికి రావడం కుదరలేదు కనుక శాలిబండ నుంచి పైకి పోవడం మొదలుపెట్టాను. ఖాజీ దగ్గర ఉండే నిఖా రికార్డును మన పాతబస్తీలో సియాహా అంటారు. అందులో వరుడి తండ్రి పేరుతో పాటు వధువు పేరు, ఆమె తండ్రి పేరు ఉంటాయి. మా వాడి నాన్నగారి సర్వీసు పుస్తకంలో నామినేషను కాగితం మీద తల్లి పేరు దొరికింది. తల్లి సియాహాతో నానీ పుట్టింటి మొహల్లా తెలిసింది. నానీ సియాహా కోసం నాలుగు నెలలు తిరిగాం. దొరికింది. ఆమె తల్లి పేరు ఒక పాత ఇంటి దస్తావేజులో హద్దుల దగ్గర కనిపించింది. 'తూర్పున ఫలానా ఆమె ఇల్లు' అని ఉంది. అక్కడితో ఆగింది. అంటే సుమారు వందేళ్లు. నలుగురు ఆడవాళ్లు, ప్రతి ఒక్కరికీ కాగితం ఉంది.

ఈ లోపల మనవరాలు డీఎన్ఏ పరీక్ష చేయిద్దామా అని ఫోన్లో అడిగింది. నేనొక లెక్క చెప్పాను. రేమండ్ పోయి ఇప్పటికి దాదాపు రెండువందల పాతికేళ్లు. తరానికి పాతికేళ్లు వేసుకుంటే తొమ్మిది తరాలు. ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది అని పెంచుకుంటూ పోతే తొమ్మిదో తరంలో అయిదువందల పన్నెండు మంది పూర్వీకులు. అందులో ఒకరు నిజంగా రాజే అనుకున్నా, మిగతా అయిదువందల పదకొండు మంది సంగతి ఏమిటమ్మా అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, ఇంగ్లండు రాకుమారుడు విలియం సంగతి గుర్తుచేసింది. 2013లో అక్కడి ఒక సంస్థ, అతని తల్లి డయానా వైపు ఆడవాళ్ల వరస సూరత్‌లో ఉన్న ఎలైజా కెవార్క్ అనే ఆమె దాకా పోతుందనీ, ఆ వరస జన్యువు మన దేశపుదనీ ప్రకటించింది. ఒకరిద్దరు బంధువుల నమూనాతో అంత మాట అనడం తొందరపాటని శాస్త్రజ్ఞులు కొందరన్నారు. ఆ వాదం ఎలా ఉన్నా ఎలైజా సూరత్‌లో కాపురం చేసిన మాట ఉత్తరాల్లో ఉంది. చూశారా, మనవాళ్లు ఇక్కడ యూరపు రాజు కోసం వెతుకుతుంటే, వాళ్లకు అక్కడ రాజుగారి ఇంట్లో మన సూరత్ ఆవిడ దొరికింది. దొరకడానికి కారణం ఒక్కటే. ఎవరో ఆమె పేరు కాగితం మీద పెట్టారు.

2023 రంజాన్ వెళ్లిన వారానికి నా నివేదిక తీసుకుని శాలిబండ వెళ్లాను. ఒకే పేజీ. మొదటి పేరాలో రాజవంశానికి రుజువు లేదని స్పష్టంగా రాశాను. రెండో పేరాలో నలుగురు తల్లుల పేర్లు, తేదీలు, ఏ కాగితంలో దొరికిందీ రాసి కింద సంతకం పెట్టాను.

అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఫ్రాన్స్ ఎక్కడా లేదా?" అన్నాడు.

"లేదు భాయ్. ఉన్నది ఇంతే."

చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లావిడ చాయ్ తెచ్చి పెట్టి పోయింది. అది చల్లారింది. నాకు భయం వేసింది, యాభై ఏళ్ల స్నేహం ఇక్కడితో సరి అనుకున్నాను. చివరికి జేబులోంచి పెన్ను తీసి నా కాగితం మీదికి వంగాడు.

"నానీ పేరు తప్పు రాశావు. సియాహాలో ఉన్నది పూర్తి పేరు కాదు. ఇంట్లో పిలిచేది ఇది" అని పక్కన రాయబోయి, ఆగి, నా వంక చూశాడు. "ఉరఫ్ అని పెట్టనా?"

"పెట్టు భాయ్" అన్నాను. అంతకన్నా మాట రాలేదు. అతను పెట్టాడు. ఆ కాగితమే కెనడా వెళ్లింది. షజరాలో గీతలున్న నాలుగు చోట్ల ఇప్పుడు పేర్లున్నాయట, మనవరాలు పూరించింది. అన్నిటికన్నా పైన ఫ్రాన్స్ బాద్షాను తీసేయకుండా అలాగే ఉంచి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టిందట. అది న్యాయమే.

సోదర పెన్షనర్లకు చివరిగా ఒక మనవి. రాజుల సంగతి అలా ఉంచండి. మీ పెన్షను ఆర్డరులో మీ భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈ వారమే తీసి చూడండి. తేడా ఉంటే మీరు బతికుండగానే దిద్దించండి. మీ తర్వాత ఆమె తిరగలేదు. అలాగే మీ తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి పేర్లు మీకు తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో పిలిచే పేరు కూడా పక్కన చేర్చి, మనవలకు ఇవ్వండి. నేను రాయడానికి కూర్చుంటే నాకు మూడో పేరు రాలేదు. మా పెద్దక్కయ్యకు ఎనభై నాలుగేళ్లు. ఆమెను అడిగి రాసుకున్నాను.